దండము లేని ధర్మము సాధ్యమా? – సీమ చెరువు చెప్పిన రాజనీతి

శ్రీ గురుభ్యో నమః.



దేవాలయమునకు వచ్చు విద్యావంతులైన యువకులు కొందరు ఈ మధ్య ఒక ప్రశ్నను తరచుగా అడుగుచున్నారు. "స్వామీ, మోక్షమనగా బంధవిముక్తి అని మీరు చెప్పుదురు కదా! అట్లయిన ప్రభుత్వమను బంధము మాత్రము ఎందులకు? మనిషిపై మనిషికి అధికారమేమిటి?" అని. ఈ ప్రశ్న వెనుక పాశ్చాత్యదేశములలో రూపు దిద్దుకొన్న రెండు సిద్ధాంతములు ఉన్నవి. మొదటిది స్వేచ్ఛావాదము. నా దేహము నాది, నా శ్రమఫలము నాది, పరులకు హాని చేయనంతవరకు నన్ను శాసించు హక్కు ఎవరికిని లేదు, రాజ్యము ఉండక తప్పనిచో కావలి కాయుట వరకే ఉండవలెను అని దాని మతము. రెండవది అరాజకవాదము. అది ఇంకొక అడుగు ముందుకు వేసి, కావలి పేరుతోనైనను ఒకరిపై ఒకరు అధికారము చేయరాదనియు, జనులు పరస్పరసహాయముతో తమ పనులు తామే నడుపుకొనగలరనియు చెప్పును.

ఈ రెంటిని కలిపి ఒకే దర్శనముగా చేయవచ్చునా అనునది ప్రస్తుత విచారము. దీనిని గ్రంథములతో మాత్రమే తేల్చనక్కరలేదు. కర్నూలు, కడప మండలముల ఎండునేల ఈ రెండు వాదములను ఆరువందల యేండ్లుగా తన చెరువుకట్టల మీద పరీక్షించియున్నది. ఆ పరీక్ష ఫలితమును చరిత్రక్రమములో చూచుటయే ఈ వ్యాసప్రయోజనము.

పదముల పుట్టుక

ఈ రెండు వాదములు పుట్టుకతో శత్రువులు కావు. ఫ్రాన్సు దేశీయుడైన ప్రూధోన్ 1840లో తాను అరాజకవాదినని బహిరంగముగా ప్రకటించుకొన్నాడు. ఆస్తి అనునది చౌర్యమే అన్నవాడు ఆయనయే. రాజ్యమునకు ఎదురు నిలువగల శక్తి ఆస్తికే కలదని తరువాతి కాలములో వ్రాసినవాడును ఆయనయే. 1857లో జోసెఫ్ దెజాక్ అను మరొక ఫ్రెంచి శ్రామికుడు ఆ ప్రూధోనుకు వ్రాసిన లేఖలో తనవంటివారికి 'లిబర్టేర్' అను పేరు పెట్టినాడు. మరుసటి యేడు న్యూయార్కు నుండి ఆ పేరుతోనే పత్రికను నడిపినాడు. అనగా నేడు స్వేచ్ఛావాదులకు ఆంగ్లములో ఉన్న 'లిబర్టేరియన్' అను పేరు రాజకీయరంగములో మొదట అరాజకవాదులదే. ఇరువదవ శతాబ్దమున అమెరికాలో స్వంత ఆస్తిని, విపణిస్వేచ్ఛను సమర్థించినవారు ఆ పేరును స్వీకరించిన పిమ్మట దారులు వేరైనవి. ముర్రే రాత్‌బర్డ్ వంటివారు కావలి, న్యాయము కూడ మూల్యము చెల్లించి పొందదగిన సేవలే అని వాదించి, రెంటిని మరల కలుపజూచినారు.

అందుచేత ఈ సమ్మేళనము క్రొత్తది కాదు. రాజ్యమును శంకించుటలో ఇరువురికిని ఏకాభిప్రాయమే. కలహమంతయు ఆస్తి దగ్గర వచ్చినది. ఒకరు ఆస్తిని స్వాతంత్ర్యమునకు కోటగోడ అనుచున్నారు, ఇంకొకరు అదియే మరొక సింహాసనమనుచున్నారు.

శాస్త్రము చూపిన రెండు చిత్రములు

మన వాఙ్మయములో 'అరాజకము' మంచి మాట కాదు. రామాయణమున అయోధ్యాకాండలో దశరథుని నిర్యాణానంతరము మంత్రులు, బ్రాహ్మణులు వసిష్ఠుని యెదుట రాజులేని దేశపు దుఃస్థితిని సుదీర్ఘముగా వర్ణించుదురు. కౌటిల్యుడు దండము లోపించిన చోట మత్స్యన్యాయము ప్రవర్తిల్లునని, అనగా పెద్దచేప చిన్నచేపను మ్రింగునని హెచ్చరించినాడు.

అయితే మహాభారతము శాంతిపర్వములో భీష్ముడు ధర్మరాజుతో చెప్పిన రాజోత్పత్తి కథలో మరొక చిత్రము కలదు. కృతయుగారంభమున రాజ్యము లేదు, రాజు లేడు, దండము లేదు, దండించువాడును లేడు. జనులు ధర్మముచేతనే పరస్పరము రక్షించుకొనుచుండిరి. పిమ్మట మోహము, దాని వెంట లోభము, కామము ప్రవేశించి కార్యాకార్యవివేకము నశించినందున దండనీతి పుట్టవలసి వచ్చినది. అనగా మన ఋషుల దృష్టిలో దండము ఔషధమే కాని ఆహారము కాదు. రోగము లేనివానికి ఔషధముతో పని లేదు. రోగమును ఉంచుకొని ఔషధమును పారవేసినవాడు మాత్రము మత్స్యన్యాయమునకు చిక్కును. ఈ రెండు చిత్రములును సీమ చరిత్రలో ప్రత్యక్షముగా కనబడును.

కావలివాడే కాటువేసిన కాలము

1565లో రక్కసి-తంగడి యుద్ధానంతరము విజయనగర సామ్రాజ్యబలము క్షీణించినది. ఆ సామ్రాజ్యములో పాళెగాండ్రు గ్రామములకు కావలి కాయుచు, యుద్ధకాలమున సైన్యమును సమకూర్చుచు, ప్రతిఫలముగా భూములను, కావలి రుసుమును అనుభవించుచుండిరి. పైనున్న ప్రభుత్వము సన్నగిల్లిన కొలది కావలి రుసుము బలవంతపు వసూలుగా మారినది. ఒక పాళెగాడు కావలి కాచుట లేదని మరొకనిని ఆశ్రయించు వీలు రైతునకు లేకపోయినది. రెండు పాళెముల నడుమ పడిన ఊరు ఇద్దరికిని చెల్లింపవలసి వచ్చినది.

1800లో నిజాము ఈ ప్రాంతములను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసినాడు. అందుచేతనే వీటికి దత్తమండలములను పేరు వచ్చినది. ఆనాడు ముఖ్య కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎనభైమంది వరకు పాళెగాండ్రను, వారి వెంటనున్న వేలకొలది సాయుధులను ఎదుర్కొనవలసి వచ్చినది. కావలి కూడ కొనుక్కొనదగిన సేవయే అను రాత్‌బర్డ్ వాదమునకు సీమ ఇచ్చిన సమాధానము ఇది. కత్తి పట్టి కావలి కాయువానికి పైన ధర్మాసనము లేకున్న, వాడు మన సేవకుడుగా చిరకాలము ఉండడు. మన పల్లెలలో తరువాతి తరముల కక్షలు, ముఠాతగాదాలు ఆ వ్యవస్థకు నీడలే అని పెద్దలు చెప్పుదురు. నెత్తురు చిందిన ఇండ్లలో శాంతిహోమములు చేయించిన అర్చకులకు ఆ మాటలోని బరువు తెలియును.

రైతునకు పట్టా, రాజ్యమునకు పట్టు

మన్రో 1807 వరకు దత్తమండలములలో ఉండి రైతువారీ పద్ధతిని స్థాపించినాడు. మధ్యవర్తి లేకుండ ప్రతి రైతుతోను ప్రభుత్వము నేరుగా శిస్తు నిర్ణయించుకొనుట దాని లక్షణము. స్వేచ్ఛావాది దృష్టితో చూచిన ఇది గొప్ప మేలు. పాళెగానికి, పెత్తందారునకు తల వంచక రైతు తన పేరుతో భూమిని అనుభవింపగలిగినాడు. కాని శిస్తు అధికము. మధ్యవర్తి పోయిన చోటికి కచేరీ వచ్చినది. ఈ భారమును మన్రోయే గ్రహించినాడు. 1807లో శిస్తును నూటికి 25 వంతులు తగ్గింపవలెనని, తమ బావులను, గట్లను స్వంత ఖర్చుతో బాగుచేసికొను రైతులకు మరి 8 వంతులు తగ్గింపవలెనని, చిన్న చెరువుల మరమ్మతు భారము మోయు రైతులకును అట్టి తగ్గింపే ఇవ్వవలెనని సిఫారసు చేసినాడు. పైవారు అప్పుడు దానిని అంగీకరింపలేదు. మీ నీటిని మీరు కాపాడుకొన్న మా పన్ను తగ్గునను ఈ సూత్రము మాత్రము జ్ఞాపకముంచుకొనదగినది.

మంత్రాలయక్షేత్రమును గూర్చి భక్తులు పరంపరగా చెప్పుకొను మన్రో కథ కూడ ఈ సందర్భమున స్మరణీయము. మఠమునకు చెందిన ఇనాము గ్రామమును ప్రభుత్వము తిరిగి తీసికొనవచ్చునా అని విచారింపవచ్చిన మన్రోతో, 1671లో బృందావనప్రవేశము చేసిన శ్రీ రాఘవేంద్రస్వామివారు స్వయముగా సంభాషించిరనియు, ఆ మాటలు ఇతరులకు వినబడలేదనియు, తరువాత ఇనాము నిలిచినదనియు ఆ కథ. భక్తులు ఇందులో గురుమహిమను దర్శించుదురు. రాజనీతి విచారించువానికి మరొక అర్థము కూడ తోచును. కాగితముపై వారసుడు లేనంతమాత్రమున ధర్మమునకు ఇచ్చినది అనాథ కాదు. మన్రో 1827లో, మద్రాసు గవర్నరుగా ఉండగా, కర్నూలు మండలములోని పత్తికొండ వద్దనే విషూచివ్యాధితో మరణించినాడు.

ఆయన తరువాతి అధికారులు ఇనాములను కుదించినారు. గ్రామరక్షణకు ప్రతిఫలముగా భూములను అనుభవించుచున్న కట్టుబడి సేవకులు వాటిని కోల్పోయినారు. 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దండెత్తిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచినవారిలో అట్టివారు పలువురు కలరు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీసినారు. ఆయన పాళెగాండ్ర వంశీయుడే. అయినను జనులు ఆయనను వీరునిగా పాడుకొనుటకు కారణము, దూరపు కచేరీ పెత్తనము దగ్గరి పాళెగాని పెత్తనమును మించి బాధించుటయే.

చెరువు చూపిన మధ్యమమార్గము

పాళెము ఒక వైపు, కచేరీ ఒక వైపు. వీటి నడుమ సీమలో మూడవ వ్యవస్థ ఒకటి నిశ్శబ్దముగా జీవించినది. కడప మండలములోని పోరుమామిళ్ళ చెరువు దానికి సాక్షి. బుక్కరాయల పుత్రుడైన భాస్కర భవదూరుడు త్రవ్వించిన ఈ తటాకమునకు అనంతరాజసాగరమని పేరు. శాలివాహనశకము 1291, అనగా క్రీస్తుశకము 1369 నాటి సంస్కృతశాసనము అచటి భైరవాలయము వద్ద కలదు. దినమునకు వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండు సంవత్సరముల శ్రమ ఆ కట్టకు పట్టినట్లు అది తెలుపును.

ఆ శాసనము మంచి చెరువునకు పన్నెండు అంగములను, చెరువునకు రాగల ఆరు దోషములను లెక్కించును. పన్నెండింటిలో మొదటిది ధర్మపరుడైన రాజు. రెండవది జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడు. నడుమ గట్టి నేల, నది, కొండ, రాతి గని మొదలైనవి. చివరిది పని నేర్చిన జనసమూహము. మొదటిదానిని తీసివేసిన ఆరంభించువాడు లేడు, చివరిదానిని తీసివేసిన కట్ట లేవదు. ఇక దోషములలో కట్ట ఊట, చవుడు నేల వంటివి ఎవరికైనను తోచునవే. ఒక్క దోషము మాత్రము రాజనీతికి సంబంధించినది. రెండు రాజ్యముల సరిహద్దులో చెరువు ఉండరాదని శాసనకర్త వ్రాయించినాడు. బాధ్యత ఎవరిదో తేలని చోట నీరు నిలువదని ఆనాటి శిల్పులు ఎరిగియుండిరి.

పోరుమామిళ్ళ రాజకుమారుని కట్టడము. సీమలోని అనేకమైన చిన్న చెరువులను మాత్రము వ్యక్తులే స్వంత ధనముతో కట్టించినారు. వారికి దశబంధ ఇనాములు లభించినవి. ఇందులో రెండు విధములు. ఒక నిర్ణీతమైన భూమిని ఇచ్చిన అది ఖండ దశబంధము, ఆయకట్టు రాబడిలో పాలు ఇచ్చిన అది శామిలాతు దశబంధము. రెండింటికిని ఒకటే షరతు. చెరువును మంచి స్థితిలో ఉంచవలెను. కట్ట తెగినను పట్టించుకొననివానికి ఆ ఇనాముపై హక్కు నిలువదు.

సాధకులు ఈ వ్యవస్థను నిదానముగా పరిశీలింపవలెను. చెరువు కట్టించినవాడు ఎవరి ఆజ్ఞకును లోబడి కట్టలేదు, తన ధనముతో తన ఇష్టముచేత కట్టినాడు. ఫలము అతనిది, అతని సంతతిది. ఇది స్వేచ్ఛావాది కోరు ఆస్తిహక్కు. నీటి పంపకమునకు ఏ ఉద్యోగియు లేడు. ఊరి ఒప్పందము ప్రకారము నీరుగంటి తూము తెరచి మడిమడికి నీరు పారించును, కరవు వచ్చిన యేడు ఎవరి మడి ముందు, ఎవరిది వెనుక అను విషయమును ఊరే నిర్ణయించుకొనును. ఇది అరాజకవాది కోరు పరస్పరసహాయము. 2009లో అర్థశాస్త్రమున నోబెల్ పురస్కారము పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ లోకములోని పలు దేశముల నీటి వ్యవస్థలను పరిశీలించి చెప్పినదియు ఇటువంటిదే. నీరు వాడుకొనువారే నియమములు చేసికొని, తప్పినవానిని తామే గమనించిన చోట ఉమ్మడి వనరు చిరకాలము నిలుచును. రెండు వాదములు మన చెరువుకట్ట మీద కలిసినవి. వాటిని కలిపినది హక్కులోనే ఇమిడియున్న ఋణము.

కంపెనీ కాలువ, చట్టపు శ్రమదానము

ఈ ఋణము లేని ఆస్తి ఎట్లుండునో కర్నూలు–కడప కాలువ కథ చెప్పును. తుంగభద్రపై సుంకేసుల నుండి సాగు ఈ కాలువను త్రవ్వినది ప్రభుత్వము కాదు, మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అను ప్రైవేటు సంస్థ. పేరునకు అది స్వతంత్ర వ్యాపారము. కాని పది లక్షల పౌండ్ల మూలధనముపై నూటికి 5 వంతుల వడ్డీకి ప్రభుత్వము హామీ ఇచ్చినది. కాలువలో నీరు పారినను పారకున్నను వాటాదారునకు వడ్డీ ముట్టును. నష్టము ఖజానాది, అనగా రైతు శిస్తుది. 1876–78 మహాక్షామములో కర్నూలు మండలము ఘోరముగా దెబ్బతిన్నది. చివరకు 1882లో ప్రభుత్వము ఆ కాలువను కొనివేసినది. విపణి పేరుతో నడచిన ఈ వ్యాపారములో సాహసము కంపెనీది, సంకటము ప్రజలది. నిజమైన స్వేచ్ఛావాది కూడ దీనిని తనదని చెప్పుకొనడు.

చిన్న చెరువులకు మరొక గతి పట్టినది. ఊరివారు ఏటేటా కట్టకు మన్ను వేసి, కాలువల పూడిక తీయు ఆచారమునకు కుడిమరామత్తు అని పేరు. కచేరీ పెరిగిన కొలది ఆ ఆచారము తగ్గినది. అప్పుడు 1858లో మద్రాసు ప్రభుత్వము నిర్బంధ శ్రమ చట్టము చేసి, పూర్వము ఇష్టముతో చేసిన పనిని శిక్షాభయముతో చేయింపబూనినది. కర్తవ్యము ఆచారముగా ఉన్నంతకాలము దండము అవసరము లేకపోయినది. ఆచారము చచ్చిన పిమ్మట దండము వచ్చినను కర్తవ్యము తిరిగి రాలేదు. స్వాతంత్ర్యానంతరము 1956 నాటి చట్టముతో ఇనాములు రైతువారీ పట్టాలుగా మారినవి. 1997లో ప్రభుత్వమే చట్టము చేసి నీటి వినియోగదారుల సంఘములను స్థాపించి, మీ నీటిని మీరే పాలించుకొనుడని రైతులను కోరినది. స్వపరిపాలన కూడ పైనుండి ఉత్తరువుగా రావలసిన స్థితికి మనము వచ్చినాము.

ఇరువదవ శతాబ్దపు సమ్మేళనము

ఈ ప్రశ్న గాంధీమహాత్ముని కూడ వదలలేదు. 1916లో కాశీ హిందూ విశ్వవిద్యాలయపు ప్రారంభోత్సవములలో తానును ఒక విధమైన అరాజకవాదినేనని ఆయన పలికినారు, బాంబుల మార్గము తనది కాదనియు స్పష్టము చేసినారు. 1921లో చీరాల–పేరాల ప్రజలు పురపాలకసంఘపు పన్నులను నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఇండ్లు వదలి ఊరి వెలుపల రామనగరమను పేరుతో పందిళ్ళు వేసికొని పదకొండు నెలలు నివసించినారు. అధికారమును ఎదిరింపక దాని పరిధి నుండి తొలగిపోవుట అను ఉపాయమును తెలుగువారు అప్పుడే ఆచరించి చూపినారు.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి భూమి దానము చేయగా భూదానోద్యమము పుట్టినది. వినోబా భావే లక్ష్యము శాసనముక్త సమాజము. 1959లో రాజాజీ, ఆచార్య ఎన్.జి. రంగా స్వతంత్ర పార్టీని స్థాపించి, ఉమ్మడి సహకార వ్యవసాయమును వ్యతిరేకించి, రైతు భూమి రైతుదే అన్నారు. వినోబాది అరాజకవాదమునకు దగ్గర, రంగాది స్వేచ్ఛావాదమునకు దగ్గర. అయినను గాంధీజీ చెప్పిన ధర్మకర్తృత్వ సూత్రమునకు స్వతంత్ర పార్టీ తన సిద్ధాంతములలో చోటిచ్చినది. ఆస్తి నాదే, కాని నేను దానికి ధర్మకర్తను. దశబంధము ఆరంభించినదియు ఈ భావముతోనే. ఆ సూత్రమును పార్టీలు పత్రములపై వ్రాసికొన్నవి. దానిని నిలుపగల కట్ట మాత్రము పల్లెలలో అప్పటికే బలహీనపడినది.

ఉపసంహారము

ఇచట ఒక సత్యమును దాచరాదు. పాత చెరువు వ్యవస్థ స్వర్గము కాదు. కట్టకు మన్ను మోసినవారిలో అనేకులకు ఆయకట్టులో సెంటు భూమి లేదు. నీటిని పంచిన నీరుగంటికి పలుచోట్ల ఊరి బావి నీరు ముట్టు హక్కు లేదు. ఇష్టముతో చేసిన శ్రమ అని మనము పొగడుదానిలో కొంత వెట్టి కూడ కలదు. అందువలననే దండమును, అనగా చట్టమును, రాజ్యాంగమును ఆశ్రయించి తమ గౌరవమును పొందినవారికి ప్రభుత్వము అక్కరలేదని చెప్పుటకు మనకు నోరు రాకూడదు. వారి దృష్టిలో ఆ ఔషధము ప్రాణమును నిలిపినది.

శాస్త్రము మనిషి ఋణములతో జన్మించునని చెప్పును. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము, వీటితోపాటు మనుష్యఋణము. ఋణమును మరచిన స్వేచ్ఛకు సీమలో పాళెగాడని పేరు వచ్చినది. స్వేచ్ఛ లేని ఋణమునకు వెట్టి అని పేరు వచ్చినది. స్వేచ్ఛావాది, అరాజకవాది కలిసి కూర్చుండదగిన చోటు ఈ రెంటికిని మధ్యనున్నది. హక్కు పొందినవాడు ఎవరును చెప్పకయే కట్ట మీదికి పార తీసికొని వచ్చు చోటు అది. అచట దండము దానంతటదియే చిన్నదగును. అట్టివాడు ఊరిలో ఒక్కడును లేనిచో ప్రభుత్వమును ఎంత తగ్గించినను మిగులునది స్వేచ్ఛ కాదు, ఖాళీ చెరువు.

అందుచేత ప్రశ్న అడిగిన యువకులకు మా మనవి ఇది. రాజ్యము ఎంత ఉండవలెనని వాదించుటకు ముందు, మీ ఊరి చెరువునకు తూము ఎచట ఉన్నదో, మరువ ఎటు పారునో, కాలువను ఆక్రమించినది ఎవరో తెలిసికొనుడు. వేసవిలో పూడిక తీయునాడు, భూమి ఉన్నవారును లేనివారును సమానముగా నిలుచునట్లు పిలువుడు. దేవాలయముల కోనేరులు అర్చకులమైన మా బాధ్యత, దానిని మేము ఇతరులపై వేయరాదు. చెరువు నిండి మరువ పారిన నాడు గంగమ్మకు పసుపుకుంకుమలు సమర్పించు ఆచారము మనకు ఇంకను మిగిలియున్నది. ఆ పూజకు అర్హత కట్ట మీద చెమటోడ్చిన ప్రతివానికిని కలదని ఒప్పుకొన్ననాడు, భీష్ముడు చెప్పిన కృతయుగము పూర్తిగా రాకున్నను, దాని నీడ మన ఊరి మీద పడును.

స్వస్తి.